నీలి వాలు అక్షరాలు

మ్యాపు మీద నీళ్ళ పేర్లు నీలం రంగులో, కాస్త వాలుగా ఉంటాయి. ఊళ్ళ పేర్లు నల్లగా, నిటారుగా ఉంటాయి. కొండల పేర్లు గోధుమ రంగులో ఎడమెడంగా పరుచుకుంటాయి. ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు, కన్ను తనంతట తనే నేర్చుకుంటుంది. ఆ కన్నుకి దారి చూపించడం నా ఉద్యోగం. మ్యాపులు వేసే ప్రెస్సులో అక్షరాలు కూర్చేదాన్ని నేను. ఏం చేస్తుంటావని అడిగినవాళ్ళకి ఇదంతా చెబితే "ఓహో, పేర్లు రాస్తావన్నమాట" అంటారు. వంట చేసే మనిషిని పట్టుకుని ఓహో, పొయ్యి వెలిగిస్తావన్నమాట అన్నట్టు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ప్రెస్సులో అందరికీ తెలుసు. అది పొద్దున వచ్చి మధ్యాహ్నం భోజనాల వేళకి దిగిపోయే కోపం. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. మా బావ మీద ఉన్నది వేరు. అది పగ. దాన్ని నేను వేళకి తిండి పెట్టి పెంచాను.

బావ అంటే మా అక్క మొగుడు. మొదట స్థలాల బ్రోకరు, తర్వాత బిల్డరు. ఊరి చివర పిల్లవాగు పారే పల్లమంతా కొని, లారీల కొద్దీ మట్టి తోలించి, చదును చేసి, ప్లాట్లు వేశాడు. పిల్లవాగు ఎండాకాలంలో ఇసుక గీతలా పడి ఉండేది. అందుకే దాన్ని ఎవరూ లెక్కచెయ్యలేదు. అవతలి ఒడ్డున రేకుల షెడ్డులో మా తమ్ముడు నీటి మోటార్లు బాగుచేసేవాడు. దారి మూసేసినంత మాత్రాన నీళ్ళు బుద్ధిగా ఇంటికెళ్ళిపోతాయా? నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు. ఒక వానాకాలం మధ్యాహ్నం వాగు తన దారికి వచ్చింది, మట్టికట్టకి కొట్టుకుంది, అవతలి ఒడ్డు మీదికి తిరిగింది. తమ్ముడు బయటికి వచ్చేశాడు. వచ్చినవాడు వచ్చినట్టు ఉండక, జనం నమ్మి ఇచ్చిన మోటార్లు తడిసిపోతాయని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. షెడ్డు వాడి మీద కూలింది. వాడు పైఅరలోకి ఎక్కించిన మోటార్లు మాత్రం పొడిగానే దొరికాయి.

విచారణకి వచ్చిన అధికారుల ముందు బావ ఊరి కొత్త మ్యాపు పరిచాడు. అది మా ప్రెస్సులో వేసింది కాదు, ఎక్కడో బయట వేయించింది. "వాగా? ఏ వాగు? ఇందులో ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి" అన్నాడు. వాళ్ళు వంగి చూశారు. నీలం చుక్క కూడా లేదు. వాగే లేనప్పుడు దాన్ని పూడ్చినవాడు ఎక్కడినుంచి వస్తాడు? లోతట్టులో షెడ్డు వేసుకోవడం చనిపోయిన మనిషి అజాగ్రత్త అని తేల్చి వెళ్ళిపోయారు. అజాగ్రత్తట! వాడు ఫ్యాను స్విచ్చు వెయ్యాలన్నా కాళ్ళకి చెప్పులు తొడుక్కునే మనిషి.

ఆ రోజు అక్క బావ పక్కనే కూర్చుంది. తల వంచుకుని నేలకేసి చూస్తూ, అడిగిన వాళ్ళకి ఒక్క మాట చెప్పలేదు. పిల్లవాగులో మోకాళ్ళ దాకా దిగి ముగ్గురం గులకరాళ్ళు ఏరుకున్న రోజులు దానికి గుర్తు లేవా? ఉన్నాయి. అందుకే తల ఎత్తలేదు. ఇక నాకు అక్క లేదనుకుని ఆ గదిలోంచి బయటికి నడిచాను.

నాకు కావలసినవి రెండే. పిల్లవాగు ఉందని, మా తమ్ముడు తెలివితక్కువతనం వల్ల పోలేదని లోకానికి తెలియాలి. బావ మట్టి కరవాలి. ఈ రెండింట్లో ఏది ముందని అడిగితే, ఆ రోజుల్లో నేను తడుముకోకుండా రెండోదే చెప్పేదాన్ని.

కాలం కలిసొస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. నాకు నడిచొచ్చింది బావ. ఒక ఉదయం ప్రెస్సు మెట్లెక్కి, జుట్టుకి కొత్తగా వేసిన నల్లరంగు చెవుల మీద కూడా కాస్త అంటుకుని ఉండగా, నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాగు పూడ్చి వేసిన కాలనీ ప్రారంభోత్సవానికి గోడంత మ్యాపు ఒకటి, వచ్చినవాళ్ళకి పంచడానికి చిన్నవి కట్టలు కట్టలు కావాలట. ఊళ్ళో మ్యాపులు వేసేది మేమొక్కళ్ళమే. మా ప్రెస్సు యజమానిని అందరం పెద్దాయన అంటాం. ఆయన నా మొహం చూసి, బావ మొహం చూసి, "మీరూ మీరూ బంధువులు, మధ్యలో నేనెందుకు" అని టీ పేరు చెప్పి తప్పుకున్నాడు.

"మరదలా, పాతవన్నీ మనసులో పెట్టుకోకు. ఎంతైనా మనం మనం ఒకటి" అన్నాడు బావ.

"పనేంటో చెప్పండి బావా."

"కాలనీకి నా పేరే పెట్టా. వెనకాల నగరం అని తగిలించా. ఆ పేరు మ్యాపులో అన్నిటికన్నా పెద్దగా ఉండాలి. ఊరి పేరు కన్నా కూడా."

"ఊరికన్నా కాలనీ ఎలా పెద్దదవుతుంది?"

"అక్షరం పెద్దదైతే అదే అవుతుంది. జనానికి ఏం తెలుసు? పెద్దగా ఉన్నదే చదువుతారు."

నాకు లోపల నవ్వు పొంగింది. పైకి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "సరే బావా, మీరు చెప్పినంత పెద్దగానే పెడతాను. ఇంకా పెద్దగా పెట్టమన్నా పెడతాను" అన్నాను. ఆయన మురిసిపోయి నా బల్ల మీద అరచేత్తో చరిచాడు.

నాకు తెలిసి బావకి తెలియని సంగతి ఒకటుంది. మ్యాపులో అన్నిటికన్నా పెద్ద పేరు ఎవరికీ కనబడదు. పెద్ద అక్షరాలు ఒకదానికొకటి దూరంగా జరిగి, మధ్యలో రోడ్లూ పేర్లూ ఇరుక్కుని, రంగు కూడా లేతగా ఉంటే, అది పేరన్న సంగతే కన్ను మరిచిపోతుంది. గడప మీద పాకే చీమ కనబడుతుంది కానీ గడప కనబడదు. కన్ను వెతికేది దగ్గరగా, ముదురుగా, ఒక్క చూపులో పట్టే అక్షరాన్ని. పెద్ద పేరుని కూడా కనబడేలా పెట్టే ఉపాయాలు నాకు బోలెడు తెలుసు. ఆ వారమంతా వాటికి సరిగ్గా ఎదురు పనులు చేశాను.

ముందు ప్రభుత్వ సర్వే షీటు తెచ్చి కింద పరిచాను. మా ప్రెస్సులో ఏ మ్యాపైనా దానిమీదే మొదలవుతుంది. అందులో పిల్లవాగు తెగిపోయిన నీలం గీతగా, అంటే వానాకాలంలోనే పారే వాగుగా, నిక్షేపంలా ఉంది. దాన్ని ఎత్తి కొత్త మ్యాపులో పెట్టాను. పేరు కూర్చాను. ముదురు నీలం, వాలు అక్షరం. వాగు పేరు వాగుతోపాటే వంపు తిరగాలి, అది నియమం. 'పి' కాలనీ ముఖద్వారం దగ్గర పడింది. 'ల్ల' ఈతకొలను పక్కన. 'వా' అన్నిటికన్నా ఖరీదైన ప్లాట్ల నట్టనడుమ. 'గు' పిల్లల పార్కు దాటి మలుపు దగ్గర. నేను వాటిని ఒక్క పిసరు కూడా జరపలేదు. వాగు ఎటు పోతే అటే పోనిచ్చాను.

తర్వాత బావ పేరు పట్టుకున్నాను. ఊరి పేరుకన్నా పెద్దది చేశాను. ఇసుక రంగు వేసి, దాన్ని కూడా సగానికి లేతచేశాను. అక్షరాల్ని విడదీశాను. అయినా ఇంకా కొంచెం చదవడానికి వస్తోంది. ఇంకా విడదీశాను. ప్రాంతం పేరు ఈ అంచున మొదలై ఆ అంచున ఆగాలి, ఎంత మేర పరుచుకుంటే అంత మేరా ఆ పేరుదే అని చూసేవాళ్ళకి అర్థం. హద్దు దాటించకూడదు. మామూలుగా ఐతే ఇలా దాటించినవాళ్ళని నిలబెట్టి కడిగేస్తాను. ఆ రోజు మాత్రం చివరి 'రం' హద్దు దాటి ఇంకాస్త పక్కకి పోయేసరికి పేరు మొత్తం నేలలో ఇంకిపోయింది. వెనక్కి వాలి చూసుకున్నాను. బావ మ్యాపులో అందరికన్నా పెద్దవాడై, కనబడకుండా పోయాడు. అంత హాయిగా ఎన్నాళ్ళ తర్వాత ఊపిరి పీల్చానో.

పెద్దాయన వచ్చి నా భుజం మీదుగా చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ నీలం గీత సర్వే షీటులో ఉందా అమ్మా?"

"ఉంది సార్."

"పేరు?"

"అదీ ఉంది."

"ఐతే నేను చూడలేదు" అన్నాడు, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటూ. "చూస్తే నాకు బీపీ."

ప్రూఫు చూడటానికి బావ వచ్చాడు. వెంట అక్కని తెచ్చాడు. అది నేను అనుకోలేదు. బావకి దగ్గరివి కనబడి చాన్నాళ్ళైంది కానీ కళ్ళజోడు పెట్టుకుంటే వయసైపోయిందంటారని పెట్టుకోడు. మ్యాపుని చేతులు చాచినంత దూరంలో పట్టుకుని, ఎక్కడెక్కడ ఏ అక్షరం ఉందో ముందే తెలిసినవాడు గనక తన పేరు మొదటినుంచి చివరిదాకా ఏరుకుని చదువుకున్నాడు.

"అద్దీ! పులిలా ఉంది" అన్నాడు. అక్కవైపు తిరిగి, "చిన్న అక్షరాలు నువ్వు చూడవే. రోడ్ల పేర్లూ అవీ తప్పులుంటే చెప్పు. నేను డబ్బా విషయం మాట్లాడి వస్తా" అని మ్యాపులు పెట్టే గొట్టం డబ్బాల బేరానికి పెద్దాయన గదిలోకి వెళ్ళాడు.

బల్లకి ఆ పక్క అక్క, ఈ పక్క నేను. దాని తల చాలా నెరిసింది. నన్ను పలకరించలేదు, నేనూ పలకరించలేదు. కళ్ళజోడు పెట్టుకుని, చూపుడు వేలుతో ఒక్కో పేరూ చదువుకుంటూ పోయింది. ముఖద్వారం దగ్గర వేలు ఆగింది. ఇంత పనీ వృథా, ఇప్పుడు లేచి మొగుణ్ణి పిలుస్తుంది అనుకున్నాను. అక్క వేలు 'పి' మీంచి మెల్లగా కిందికి నడిచింది. 'ల్ల' దగ్గర వంపు తిరిగింది. 'వా' దాటింది. 'గు' దగ్గర మలుపులో ఆగి, అక్కడినుంచి కొంచెం పక్కకి జరిగి, అలాగే ఉండిపోయింది.

బావ వచ్చి, "ఏమే, అయిందా?" అన్నాడు.

"అన్నీ ఉన్నాయి" అంది అక్క. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

చూడలేదేమో అనుకున్నాను. చూసి కూడా వాగంటే దానికి లెక్కలేదేమో అనుకున్నాను. మంచిమాట మాత్రం ఒక్కటీ అనుకోలేదు.

ప్రారంభోత్సవానికి బావ నన్నూ పిలిచాడు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళాను. హాల్లో గోడంత మ్యాపు, దానిమీద దీపాలు. బావ మైకు పట్టుకుని స్వర్గం నిచ్చెన తన దగ్గరే ఉన్నట్టు మాట్లాడుతున్నాడు. జనం మ్యాపు ముందు మూగి, చేతుల్లోని కాగితాలతో తమ తమ ప్లాట్లు సరిచూసుకుంటున్నారు. నేను స్తంభం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఒక నర్సమ్మ, డ్యూటీ నుంచి అలాగే వచ్చినట్టుంది, తెల్ల కోటు చేతి మీద వేసుకుని, మ్యాపు మీద వేలు పెట్టి ఆగిపోయింది.

"ఏమండీ, మా ప్లాటు మీద 'వా' అని రాసుందేంటి?"

"అదా, అది డిజైనమ్మా" అన్నాడు బావ మైకులోనే.

"నీలంగా, వాలుగా ఉంటే నీళ్ళు కదండీ? బళ్ళో చెప్పారుగా."

అంతే. చుట్టూ ఉన్నవాళ్ళు నీలం కోసం వెతకడం మొదలుపెట్టారు. ఒకాయనకి 'పి' దొరికింది, ఇంకొకావిడకి 'ల్ల' దొరికింది. కలిపి చదివారు. వెనకనుంచి ముసలి లారీ డ్రైవరొకడు, "పిల్లవాగు కదరా! ఇక్కడే నేను బండి కడిగేవాణ్ణి" అన్నాడు. ఎవరో, "ఐతే ఆ మోటార్ల అబ్బాయి పోయింది ఈ వాగులోనేనా? వాగే లేదన్నారుగా అప్పుడు?" అన్నారు. ఆ మాట కోసమే నేను ఇన్నాళ్ళు బతికాను. చెవులారా విన్నాను. బావ మైకు వదిలేసి మ్యాపు దగ్గరికి పరిగెత్తుకొచ్చి, కనబడక, ఆ నర్సమ్మ కళ్ళజోడే అడిగి పెట్టుకుని చూశాడు. కుడితిలో పడ్డ ఎలుకని నేను ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు చూశాను. జనం ఒక్కొక్కళ్ళే కాగితాలు మడిచి సంచుల్లో పెట్టుకున్నారు. పెట్టిన కాఫీలు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. నేను మాత్రం తాగాను. చాలా బాగుంది.

మర్నాడు ప్రెస్సు తలుపు గోడకి కొట్టుకునేలా తోసుకుని వచ్చాడు. వెనకాల అక్క.

"ఎవడు పెట్టమన్నాడే నిన్ను?"

"సర్వే షీటులో ఉంది బావా. కావాలంటే వేలు పెట్టి చూపిస్తాను."

"నాకు చెప్పకుండా పెడతావా?"

"మీరు చూశారుగా. పులిలా ఉందన్నారు."

"నేను పెద్దక్షరాలు చూశాను!"

"చిన్నవి అక్క చూసింది."

ఆయన గిర్రున తిరిగాడు. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. ఈసారి నేలకేసి చూడలేదు.

"చూశాను" అంది. "వాగు ఉంది కాబట్టి ఉందనుకున్నాను. తప్పేముంది?"

బావ చేతిలోని మ్యాపు నా బల్ల మీదికి విసిరికొట్టి, దిగిపోయాడు. కారు వెళ్ళిన చప్పుడు వినిపించింది. అక్క వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని, బావ కూర్చున్న చోటే కూర్చుంది.

నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. గెలిచాను. అక్క కూడా నావైపే ఉంది. ఎన్నాళ్ళుగానో మింగిన తిట్లన్నీ ఒక్కసారి అరిగిపోయినట్టనిపించి, "టీ తాగుతావా అక్కా?" అన్నాను. ఆ పిలుపు నోటికి కొత్తగా తగిలింది.

అక్క చుట్టుకుపోయిన మ్యాపుని విప్పి, అంచుల మీద మోచేతులు ఆనించింది. ప్రూఫు చూసిన రోజులాగే 'పి' దగ్గర వేలు పెట్టి, వాగు వెంటే నడిపించి, మలుపు దగ్గర అవతలి ఒడ్డుకి జరిపింది.

"ఇది కూడా కావాలనే పెట్టావా?"

"ఏది?"

"షెడ్డు ఇక్కడే కదే" అంది. "వాగు కనబడగానే కళ్ళనీళ్ళొచ్చాయి నాకు. తర్వాత ఇది కనబడింది. నామీద కసి కొద్దీ, వాడు పోయిన చోటు కూడా ఆయనకే రాసిచ్చేశావనుకున్నా. నాకు కావలసిన శాస్తే అని నోరు మూసుకున్నా."

వంగి చూశాను. అవతలి ఒడ్డున, తమ్ముడి షెడ్డు ఉండే చోట, ఇసుక రంగులో బావ పేరులోని 'రం' పడుకుని ఉంది. షెడ్డు ఉన్న నేల, దాని వెనక వాడు మోటార్లు ఆరబెట్టే గట్టు, అన్నీ దాని సున్నాలోనే ఉన్నాయి. పేరు ఎంత మేర పరుచుకుంటే అంత మేరా ఆ పేరుదే. ఊరంతా పంచిన ప్రతి కాగితం మీదా అంతే. బావ దాన్ని ఇంకా చూసుకోలేదు. చూసుకున్న రోజున ఏ అధికారి ముందైనా మళ్ళీ పరుస్తాడు, కింద మా ప్రెస్సు పేరుతో సహా. వారమంతా ఆ అక్షరాన్ని నా చేత్తోనే జరిపాను. అది ఎటు జరిగితే బావ పేరు మరుగున పడుతుందో చూశాను కానీ, దేనిమీద పడుతోందో చూడలేదు. ఆ మ్యాపులో తమ్ముడి చోటు ఎక్కడో ఒక్కసారైనా వెతుక్కోలేదు.

"నేను చూడలేదక్కా" అన్నాను.

అక్క నన్ను నమ్మనట్టు చూసింది. తర్వాత నమ్మింది. అది ఇంకా కష్టంగా ఉంది.

"అంత పెద్ద అక్షరం" అంది. "నీకు కూడా కనబడలేదా?"

కనబడలేదని తల ఊపాను.